పెరట్లో ఒక్క పుంజు, దాని చుట్టూ ఇన్ని గొడవలు ఎందుకు?

తిరుపతిలో మంగళం వైపో, తిరుచానూరు రోడ్డులోనో, కరకంబాడి దాటినాకనో కొత్తగా లేచిన కాలనీల్లో చూడండి, నాలుగైదు నాటుకోళ్లు పెంచుకునే ఇండ్లు బాగానే కనిపిస్తాయి. ఇంటి గుడ్డు తినాలని కొందరు, పిల్లలకి సరదా అని కొందరు, పల్లె నుంచి వచ్చిన అవ్వకి పొద్దుపోవాలని కొందరు మొదలుపెడతారు. మొదట్లో అంతా బాగుంటుంది. నెలలు గడిచే కొద్దీ ఆ పిల్లల్లో ఒకటో రెండో పుంజులని తేలుతుంది, ఇంక అక్కడి నుంచి కథ మారిపోతుంది. తెల్లారకముందే కూత, పక్కింటోళ్లు మొహం మాడ్చుకోవడం, పెట్టల వీపు మీద ఈకలు రాలిపోవడం, తవుడు గిన్నె తీసుకుని పెరట్లోకి పోతే మోకాలి మీదికి ఎగిరి తన్నడం. "పొగరుబోతు పుంజు, కోసేయండి" అంటారు ఒకరు, "పుంజన్నాక అట్లానే ఉంటుంది, ఏం కాదులే" అంటారు ఇంకొకరు. ఇద్దరూ మాట్లాడేది దాని గుణం గురించే, కానీ పుంజు చేష్టల్లో చాలా భాగం దాని వయసు ఎంత, దాని దగ్గర పెట్టలు ఎన్ని, మనమిచ్చిన జాగా ఎంత అనేదాన్ని బట్టే ఉంటుంది. గుణం అసలు లేదని కాదు, అదీ ఉంది, ఎక్కడ ఉందో కింద చెప్తాను.

గుడ్డుకి పుంజు అక్కర్లేదు, పిల్లకి కావాలి

ముందు ఇది తేల్చుకోవాలి, ఎందుకంటే "పుంజు లేకపోతే పెట్టలు గుడ్లు పెట్టవు కదా" అని నమ్మి, ఇష్టం లేకపోయినా పుంజుని భరిస్తా ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. పెట్ట ఒంట్లో గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది, ఆ పనికి పుంజుతో సంబంధమే లేదు. చిత్తూరు చుట్టుపక్కల ఫారాల నుంచి వచ్చేవైనా, తమిళనాడు నామక్కల్ నుంచి వచ్చేవైనా, షాపులో కొనే గుడ్లు దాదాపు అన్నీ పుంజు మొహం కూడా చూడని కోళ్లవే.

పుంజు తొక్కిన పెట్ట పెట్టే గుడ్డుని పొదిగిస్తే 21 రోజులకి పిల్ల వస్తుంది, తొక్కకపోతే రాదు, తేడా అంతే. రుచిలోగానీ ప్రోటీన్‌లోగానీ చెప్పుకోదగ్గ తేడా ఏం ఉండదు. మన ఊర్లకి మాత్రం ఒక చిక్కుంది. పొదుగు గుడ్డుకి కావాల్సిన వేడి 37.5 డిగ్రీలు, మే నెలలో తిరుపతిలో ఎండ 40 దాటుతుంది, ఇంట్లో అరుగు మీద పెట్టిన గుడ్డు పొదుగులో ఉన్నంత వేడిలో ఉన్నట్టే లెక్క. పుంజు ఉన్న ఇంట్లో గుడ్డు అట్లా రెండు మూడు రోజులు బయట ఉంటే లోపల పిండం కొంచెం కొంచెంగా మొదలై, పగలగొట్టినప్పుడు ఎర్రగా నరాలు కనిపిస్తాయి. అది చూసి "గుడ్డు చెడిపోయింది" అనుకుంటారు. ఎండాకాలంలో పుంజు ఉన్నోళ్లు ఏ రోజు గుడ్డు ఆ రోజు ఏరి చల్లగా పెట్టుకునేది ఇందుకే.

పుంజు పగలంతా చేసే పని

మరి పుంజు ఉంటే ఏం లాభం? కాసేపు కూర్చుని చూస్తే తెలుస్తుంది. తడి మట్టిలో కాలితో గీకుతా ఉంటుంది, ఒక చెదపురుగు బయటపడుతుంది, దాన్ని ముక్కుతో పట్టుకుంటుంది కానీ మింగదు. కింద పడేసి, మళ్లీ ఎత్తి, మళ్లీ పడేసి, తల కిందికీ పైకీ ఊపుతా "టుక్ టుక్ టుక్" అని తొందర తొందరగా ఒక రకం గొంతు చేస్తుంది. యాడో కంపచెట్టు కింద ఉన్న పెట్ట ఆ గొంతు వినగానే పరిగెత్తుకుంటూ వచ్చి పురుగుని లాక్కుని తినేస్తుంది. ఇదేదో ప్రేమ అనుకునేరు, పెట్టలు ఇట్లా తిండి చూపించే పుంజునే ఎక్కువ ఇష్టపడతాయి, కాబట్టి అది పుంజు తన వంశం కోసం పెట్టే పెట్టుబడి. అయినా సరే దగ్గర నుంచి చూడటానికి ఎంత బాగుంటుందో మాటల్లో చెప్పలేను.

రెండో పని కాపలా. పైన గద్ద తిరిగితే ఒక రకం అరుపు, నేల మీద కుక్కో ముంగిసో వస్తే ఇంకో రకం అరుపు, రెండూ వేరు వేరు. మొదటిది విన్న పెట్టలు చెట్టు కిందికి దూరతాయి, రెండోది వింటే మెడలు నిక్కించి అటూ ఇటూ చూస్తాయి. పరిశోధకులు రికార్డు చేసిన అరుపుల్ని స్పీకర్లో వినిపించి చూశారు, ఎదురుగా ఏ జంతువూ లేకపోయినా పెట్టలు అట్లానే చేశాయి, అంటే ఆ అరుపులోనే అర్థం ఉంది. కాకపోతే కాపలా అంటే హెచ్చరిక వరకే అనుకోండి. గద్దని చూసి అరవగలదు గానీ వీధికుక్కల గుంపునీ, రాత్రిపూట వచ్చే అడవిపిల్లినీ ఆపలేదు. శేషాచలం అంచున ఉన్న కాలనీల్లో అయితే చిరుతల భయం కూడా ఉంది, దానికి గట్టి గూడు, రాత్రి గొళ్లెం, ఈ రెండే.

మూడోది పెట్టల మధ్య తగాదాలు తీర్చడం. పుంజు ఉన్న మందలో పెట్టలు తక్కువ కొట్టుకుంటాయని చాలామంది చెప్తారు. నాకు చూసిన మేరకి నిజమే అనిపిస్తుంది కానీ పుంజే తిక్కదైతే ఈ లాభం ఉండదు.

మందలో వరస ఎట్లా తేలుతుంది

కోళ్లలో ఎవరు ఎవర్ని పొడవొచ్చు అనే వరస ఒకటి ఉంటుంది. ఒకటి రెండోదాన్ని పొడుస్తుంది, రెండోది మూడోదాన్ని, ఆఖరుది ఎవర్నీ పొడవదు, అందరి దగ్గరా పొడుపులు తింటుంది. నార్వే దేశపు జంతుశాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్‌డెరుప్-ఎబ్బె 1921లో దీన్ని మొదటిసారి వివరంగా రాశాడు. పుంజులకి ఒక వరస, పెట్టలకి ఇంకో వరస, మామూలుగా పెద్ద పుంజు అన్నిటికంటే పైన.

వరస తేలేదాకా కొట్లాట ఉంటుంది, తేలినాక చాలావరకు చూపుతోనే సరిపోతుంది, కింది కోడి తల వంచి పక్కకి తప్పుకుంటుంది. అందుకే కోళ్లు కొట్టుకోగానే మనం పరిగెత్తుకెళ్లి విడదీసి, ఒకదాన్ని గంప కింద వేసి, వారం తర్వాత వదిలితే మళ్లీ మొదటికొస్తుంది, ఎందుకంటే వరస తేలలేదు. కొన్ని వారాలు కనపడకుండా పోయిన కోడిని మిగతావి కొత్త కోడి కిందే జమకడతాయి. రక్తం వస్తా ఉంటే విడదీయాల్సిందే, అది వేరే సంగతి. ఒకటి పారిపోతే రెండోది వెంటనే ఆగిపోతా ఉంటే మటుకు అది మామూలు లెక్క. పారిపోయినా వదలకుండా మూలకి తరిమి తరిమి పొడుస్తా ఉంటే అక్కడ జాగా చాలట్లేదని అర్థం, ఓడిపోయిన దానికి కనుమరుగయ్యే చోటు లేదు. ఒక తడక అడ్డం పెట్టినా, కంపచెట్టు ఉన్నా, రెండు చోట్ల గింజలు చల్లినా ఈ తరుముడు బాగా తగ్గేది ఆ కారణానికే.

మూడింటికే ఎందుకు కూస్తుంది

వెలుగు చూసి కూస్తుంది అనేది మనందరి నమ్మకం. జపాన్ నగోయా యూనివర్సిటీ వాళ్లు 2013లో దీన్ని పరీక్షించారు. పుంజుల్ని పగలూ రాత్రీ తేడా తెలీని మసక వెలుతురులో ఉంచితే కూడా దాదాపు రోజుకొకసారి అదే టైంకి కూతలు పెట్టాయి, మామూలు వెలుతురు ఉన్నప్పుడేమో తెల్లారడానికి సుమారు రెండు గంటల ముందే మొదలుపెట్టాయి. అంటే గడియారం దాని ఒంట్లోనే ఉంది. తిరుమలలో సుప్రభాతం మొదలయ్యే వేళకే మీ పుంజు కూడా లేస్తుందంటే దానికి వీధిలైటు కారణం కాకపోవచ్చు. లైటు, కారు హెడ్‌లైటు, పక్క పుంజు కూత, ఇవి కూడా రెచ్చగొడతాయి, అది నిజమే, కానీ వేకువజామున రెచ్చగొట్టినంతగా అర్ధరాత్రి రెచ్చగొట్టలేవని అదే పరిశోధనలో తేలింది.

2015లో వాళ్లే ఇంకో సంగతి బయటపెట్టారు. నాలుగు పుంజులు కలిసి ఉంటే వరసలో పైనున్నది ముందు కూస్తుంది, మిగతావి వరస ప్రకారం తర్వాత. పైదాన్ని తీసేస్తే రెండోది ముందుకొస్తుంది. దీన్ని మన ఇంటికి అన్వయించుకోండి. ఒకాయన ఇంట్లో మూడు పుంజులు, పక్కింటాయనకి పెద్దదాని గొంతుతోనే ఇబ్బంది, సరే అని దాన్ని కోసుకుని రాగిసంగటిలోకి పులుసు పెట్టేశారు. మర్నాడు నిశ్శబ్దం అనుకుంటే రెండోది అందుకుంటుంది. మూడు ఉన్నంతకాలం కూతకి వారసులు ఉంటానే ఉంటారు.

కూత గొడవలో ఎవరిది న్యాయం

"ఏందక్కా, మీ పుంజు మూడింటికే లేపేస్తా ఉంది, మావోడికి ఎగ్జామ్స్ ఉండాయి" అని పక్కింటావిడ అడిగితే తప్పేం లేదు. నైట్ డ్యూటీ చేసి వచ్చినోళ్లు, బీపీ ఉన్న పెద్దోళ్లు, కోచింగ్ పిల్లలు, అందరూ ఉన్న ఊరు ఇది. "కోడి కూయకపోతే ఇంకేం చేస్తుంది, తరతరాలుగా ఉండేదే కదా" అనే మాటలో కూడా న్యాయం ఉంది. కోర్టులూ ఆఫీసర్లూ కూడా ఒకే వైపు లేరు.

ఫ్రాన్స్‌లో ఒలెరాన్ దీవిలో మోరిస్ అనే పుంజు మీద పక్కింటోళ్లు కేసు వేస్తే 2019లో రోష్‌ఫోర్ కోర్టు పుంజు వైపే తీర్పిచ్చింది, పైగా కేసు వేసినోళ్లనే 1000 యూరోలు కట్టమంది. 2021లో పల్లెల శబ్దాలు, వాసనలు వాళ్ల వారసత్వంలో భాగమే అని అక్కడ చట్టం కూడా చేశారు. మన పక్కన కేరళలో, పతనంతిట్ట జిల్లా అడూర్‌లో 2025 ఫిబ్రవరిలో దానికి భిన్నంగా జరిగింది. పక్కింటి పెద్దాయన తెల్లవారుజామున మూడింటికే నిద్ర చెడుతోందని ఫిర్యాదు చేస్తే ఆర్డీవో వచ్చి చూసి, ఇంటి పైభాగంలో ఉన్న కోళ్ల షెడ్డుని 14 రోజుల్లో స్థలంలో దక్షిణం వైపుకి మార్చమన్నారు. గమనించండి, కోళ్లని తీసేయమనలేదు, జాగా మార్చమన్నారు.

ఆ ఆర్డర్‌లో ఎంత లెక్క ఉందో చూద్దాం. కూత ఒక మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ఉందనుకుందాం. అడ్డం లేని చోట దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 2 మీటర్లలో 84, 4 మీటర్లలో 78, 8 మీటర్లలో 72, 16 మీటర్లలో 66. గూడు పక్కింటి కిటికీకి 4 మీటర్ల నుంచి 16 మీటర్లకి జరిగితే 12 తగ్గింది, 10 తగ్గితేనే మన చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది. మధ్యలో ఇంటి గోడ అడ్డం వస్తే ఇంకా తగ్గుతుంది. మిద్దె మీద గూడు ఉంటే ఏ అడ్డూ ఉండదు, నాలుగు దిక్కులా పోతుంది. శబ్ద కాలుష్యం రూల్స్, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా హద్దు 45 డెసిబెల్స్, పగలు 55. ఆ హద్దు లెక్కలో ఏ పుంజూ పాసవదు, అయితే ఆ రూల్స్ వల్ల మామూలుగా చర్యలు తీసుకునేది మైకులు, జనరేటర్లు, హారన్ల లాంటి వాటి మీద. పక్కింటోళ్లు గట్టిగా పట్టుబడితే దారి పబ్లిక్ న్యూసెన్స్ వైపు, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152 సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆర్డర్ ఇవ్వొచ్చు. అక్కడిదాకా పోకుండా మాట్లాడుకుని గూడు జరుపుకోవడం ఇద్దరికీ మేలని నా అభిప్రాయం.

ఆన్‌లైన్‌లో అమ్మే మెడ బెల్ట్ సంగతి. అది మెడ చుట్టూ బిగించి, కూతకి కావాల్సినంత గాలి ఒక్కసారిగా రాకుండా చేస్తుంది. బెల్ట్ పెట్టుకుని బాగానే తిరుగుతున్న పుంజుల్ని చూపించి మంచిదే అనే వాళ్లున్నారు, ఊపిరాడక చనిపోయినవి ఉన్నాయని వద్దనే వాళ్లూ ఉన్నారు. మన ఎండల్ని కలిపి ఆలోచిస్తే నేను వద్దనే వైపే. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతానే ఒంటి వేడి తగ్గించుకుంటుంది, 42 డిగ్రీల్లో రొప్పే ప్రాణికి మెడకి బిగింపు పెట్టడం ప్రమాదం. రాత్రి చీకటి పెట్టెలో పెట్టడం కొంత పనిచేస్తుంది, ఒంట్లో గడియారాన్ని ఆపలేదు గానీ వెలుగు రెచ్చగొట్టకుండా ఆపుతుంది, శబ్దం కూడా కొంత లోపలే ఉంటుంది. గాలి ఆడే కన్నాలు లేకపోతే అదీ మన వైపు ఎండాకాలం రాత్రుల్లో ప్రాణం తీస్తుంది.

పెట్టల వీపు బోడి అవ్వడం వెనక లెక్క

పుంజు తొక్కేటప్పుడు ముక్కుతో పెట్ట తల వెనక ఈకలు పట్టుకుని, రెండు కాళ్లూ దాని వీపు మీద పెడుతుంది. జారకుండా గోళ్లతో తొక్కుతుంది కాబట్టి తల వెనక, రెక్కలు మొదలయ్యే చోట, వీపు మీద ఈకలు విరుగుతాయి. ఈ చోట్లలోనే బోడి ఉంటే పుంజు పని. ఒళ్లంతా చెల్లాచెదురుగా రాలుతా, కింద కొత్త ఈక మొలకలు కనిపిస్తా ఉంటే ఈకలు మార్చుకుంటోంది, ఏటా జరిగేదే. మలద్వారం చుట్టూ రాలితే పేలు చూడండి.

ఒక పుంజుకి ఎన్ని పెట్టలు ఉండాలి అంటే మామూలుగా 8 నుంచి 10 అంటారు. ఎందుకు ఆ సంఖ్యో చిన్న లెక్కలో చూడొచ్చు. వయసులో ఉన్న పుంజు రోజంతా కలిపి 20 సార్లు తొక్కిందనుకుందాం. పది పెట్టలుంటే ఒక్కోదానికి సగటున రెండు, నాలుగే ఉంటే ఐదు. అయితే పుంజు సమంగా పంచదు, దానికి నచ్చిన పెట్టలు ఉంటాయి, వంగి కూర్చునే పెట్టలు ఉంటాయి, కాబట్టి నాలుగింటిలో ఒకదానికే పది వాటా పడినా పడుతుంది. ఆ ఒక్క పెట్టే వీపు పుండయ్యి మూలన కూర్చుంటుంది. దాన్ని చూసి పుంజు క్రూరం అనుకుంటాం, నిజానికి అక్కడ తక్కువైంది పెట్టలు.

ఇంత చిన్న మందని పెంచుకునే వాళ్లకి పది పెట్టలు పెట్టే జాగా ఉండదు కదా, మరి? అసలు పుంజు లేకుండా ఉండటం ఒక దారి. ఇంకోటి పుంజుని వేరే బోనులో ఉంచి, పిల్లలు కావాలనుకున్నప్పుడే కొన్ని రోజులు కలపడం. దీనికి పెట్ట ఒళ్లే సాయం చేస్తుంది. పుంజు విత్తనాన్ని పెట్ట తన లోపల సన్నటి గొట్టాల్లో దాచుకుంటుంది, విడదీసినాక కూడా ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, పొదిగే గుడ్లు పెడుతుంది. ఇంకో విషయం, వరసలో కింద ఉన్న పుంజు బలవంతంగా తొక్కితే దాని విత్తనాన్ని పెట్ట బయటికి నెట్టేయగలదు, ఇది 2000 సంవత్సరంలో పరిశోధనలో తేలింది. పెట్ట చేతిలో ఏమీ లేదనుకోవడం పొరపాటు.

వీపు మీద కట్టే గుడ్డ తొడుగు గురించి కూడా రెండు మాటలున్నాయి. గోళ్ల నుంచి కాపాడుతుంది, పుండు మానడానికి టైం ఇస్తుంది. దాని కింద పేలు చేరతాయి, ఎండాకాలం ఉడుకుతుంది. పుండు మానేదాకా వాడి తీసేయడమే మధ్యస్తంగా అనిపిస్తుంది.

పొదిగిస్తే సగం పుంజులే

అసలు చిక్కు మొదలయ్యేది ఇక్కడ. పది గుడ్లు పెట్ట కింద పెట్టారు, ఎనిమిది పిల్లలొచ్చాయి, సగటున నాలుగు పుంజులు. ఇంట్లో ముందే ఉన్న పెట్టలు ఐదు, పిల్లల్లో పెట్టలు నాలుగు, మొత్తం తొమ్మిది. పుంజులేమో పాతది కలిపి ఐదు. అంటే ఒక పుంజుకి రెండు పెట్టలు కూడా సరిగ్గా పడవు. నాలుగు నెలల దాకా ఈ పిల్ల పుంజులు తండ్రి ముందు తల దించుకునే ఉంటాయి, అందుకే మనకి ఏమీ అనిపించదు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కోడిజుట్టు ఎర్రబడి, గొంతు బొంగురుగా కూత నేర్చుకుంటాయి, ఒకేసారి అన్నీ పెట్టల వెంట పడతాయి. పెట్ట ఒకదాని నుంచి తప్పించుకుంటే ఇంకోటి పడుతుంది.

పల్లెల్లో ఈ లెక్క పండగలూ చుట్టాలూ తీర్చేస్తారు, అదనపు పుంజులు ఆ వయసుకే పులుసులోకి పోతాయి. కోసుకోని ఇండ్లలో పుంజులన్నిటినీ పెట్టలు కనపడని చోట విడిగా ఒకే దొడ్లో పెట్టడం ఒక దారి, పెట్టలు లేకపోతే పుంజుల మధ్య పోటీ చాలా తగ్గుతుంది, ముఖ్యంగా పిల్లప్పటి నుంచి కలిసి పెరిగినవైతే. ఎదురుగా పెట్టలు కనిపిస్తా ఉంటే మాత్రం మధ్యలో మెష్ ఉన్నా కొట్లాట ఆగదు. వట్టలు తీయించొచ్చు కదా అని అడుగుతారు, కోడికి అవి పొట్ట లోపల వెన్నుకి ఆనుకుని ఉంటాయి, మేకకి చేసినట్టు పైనుంచి చేసేది కాదు, ఆపరేషనే, చేయిస్తే వెటర్నరీ డాక్టరే చేయాలి.

మనిషి మీదికి ఎగరడం

ఎక్కువ భయపెట్టేది ఇదే. మామూలుగా మొదలయ్యేది ఐదారు నెలల నుంచి ఏడాది లోపు, హార్మోన్లు ఎగిసే వయసులో. ఉన్నట్టుండి ఏం ఎగరదు, ముందు సూచనలు ఇస్తుంది. పక్కవాటుగా నడుస్తా దగ్గరికొస్తుంది, ఒక రెక్క నేలకి దించి ఈడుస్తుంది, మెడ ఈకలు గొడుగులా లేస్తాయి, ఒంటికన్నుతో మనల్నే చూస్తా కింద ఏమీ లేకపోయినా పొడిచినట్టు నటిస్తుంది. ఇవన్నీ ఇంకో పుంజుకి చేసే సవాళ్లే, మనల్ని కూడా పోటీదారు కింద జమకట్టేసింది.

చిత్రం ఏంటంటే, చిన్నప్పుడు చేతుల్లో పెట్టుకుని ముద్దుగా పెంచిన పుంజులే పెద్దయ్యాక మీదికొస్తాయని చాలామంది చెప్తారు. దానికి కారణం ఊహించొచ్చు, మనిషంటే భయం లేదు కాబట్టి మనిషిని తన జాతిలో ఒకడిగా చూస్తుంది. దూరంగా పెరిగిన పుంజు మనిషిని చూసి పక్కకి పోతుంది, సవాలు చేయదు.

ఏం చేయాలి అనే దగ్గర రెండు పద్ధతులు. ఒకటి "మనమే పెద్ద అని చూపించాలి" అనేది, పట్టుకుని తల కిందికి అదిమి పెట్టడం, చంకలో పెట్టుకుని తిరగడం, పెట్టల దగ్గరి నుంచి తరమడం. ఇది పనిచేసిందని చెప్పేవాళ్లు బానే ఉన్నారు, ముఖ్యంగా చంకలో పెట్టుకుని తిరిగే పద్ధతి. రెండోది "పోటీకే దిగొద్దు" అనేది. వాళ్ల వాదన ఇట్లా ఉంటుంది, తన్నితే పుంజుకి అర్థమయ్యేది కొట్లాట నడుస్తా ఉందని, పరిగెత్తితే అర్థమయ్యేది తను గెలిచిందని, కాబట్టి రెండూ చేయకుండా నిలబడి, మధ్యలో గంపో బక్కెటో అడ్డం పెట్టి, నిదానంగా మన పని మనం చేసుకుని రావాలి, పెట్టల్ని దాని ఎదురుగా పట్టుకోకూడదు, మూలకి నెట్టకూడదు. నా మొగ్గు రెండోదాని వైపు. ఇప్పుడే మొదలైన కుర్ర పుంజు విషయంలో ఇది చాలాసార్లు సరిపోతుంది. చీపురు చూస్తేనో, ఒక రంగు నైటీ చూస్తేనో, ఇంట్లో ఒక్క మనిషిని చూస్తేనో ఎగిరే పుంజులు ఉంటాయి, అక్కడ వెనక ఏదో ఒకసారి భయపడిన సంగతి ఉంటుంది, ఆ వస్తువు దాచేస్తే సగం తగ్గుతుంది.

చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో ఈ వాదనలన్నీ పక్కన పెట్టాల్సిందే. పుంజు ఎగిరే ఎత్తు, మూడేళ్ల పిల్ల మొహం ఎత్తు ఒకటే. పుంజు కాలి వెనక ముల్లు కంటికి తగిలితే చూపు తిరిగి రాకపోవచ్చు. ఆస్ట్రేలియాలో ఒక పెద్దావిడ కాలి మీద ఉబ్బిన నరాన్ని పుంజు పొడిస్తే రక్తం పోయి చనిపోయిన కేసు 2019లో మెడికల్ జర్నల్‌లో వచ్చింది, అరుదే అయినా మన ఇండ్లలో షుగర్, ఉబ్బు నరాలు ఉన్న అవ్వలు తాతలు తక్కువేం లేరు. ముల్లు గీరుకుంటే సబ్బుతో కడిగి టీటీ సంగతి డాక్టర్‌ని అడగాల్సిన గాయమే అది. ముల్లు మొత్తం కోసేద్దాం అనుకుంటే, లోపల ఎముకా రక్తనాళం ఉంటాయి, మొన మాత్రమే అరగదీయొచ్చు.

గుణం, జాతి ఎంతవరకు

ఇప్పుడు గుణం దగ్గరికొద్దాం. 1960 ప్రాంతంలో అమెరికాలో కోళ్లని దూకుడు ఎక్కువవి ఒక వైపు, తక్కువవి ఒక వైపు జతకట్టిస్తా పోతే కొన్ని తరాల్లోనే రెండు రకాలుగా విడిపోయాయి. అంటే దూకుడు పిల్లలకి వస్తుంది. మనిషి మీదికి ఏడాది దాటినా ఎగిరే పుంజు గుడ్లనే పొదిగిస్తా పోతే అదే గుణాన్ని మనమే పెంచుతున్నట్టు.

మన ఆంధ్రలో పందెంకోళ్లుగా పేరున్న ఆసిల్ జాతి గురించి చాలా అపోహలున్నాయి. తోటి పుంజు మీద అది ప్రాణం పోయేదాకా వదలదు, అందుకే రెండు ఆసిల్ పుంజులు ఒక పెరట్లో కుదరవు. మనిషితో మాత్రం చాలావరకు మెత్తగా ఉంటుంది, తరతరాలుగా చేతుల్లో పెట్టుకుని మేపిన జాతి మరి, యజమానిని తన్నే పుంజుని ఎవరూ ఉంచుకోలేదు. దాన్ని పెంచుకోవడం తప్పేం కాదు, పందేనికి దించితే మాత్రం జంతు హింస నివారణ చట్టం, 1960 కింద నేరం. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ లాంటివి పెరటి కోసమే వచ్చిన రకాలు, వనరాజ పుంజు బరువు ఎక్కువ, దాని కింద పడే చిన్న నాటుపెట్ట వీపు త్వరగా దెబ్బతింటుంది. గొడవ గుణంది అనుకుంటాం గానీ అక్కడ బరువుది.

పుంజుని తీసేసినాక మందలో ఏమవుతుంది

ఇచ్చేశారు, లేదా కోసుకున్నారు. మొదటి కొన్ని రోజులు పెట్టలు అటూ ఇటూ వెతుక్కున్నట్టు ఉంటాయి, వరస కొంచెం కదులుతుంది, పొడుచుకోవడం పెరిగి మళ్లీ సర్దుకుంటుంది. గుడ్లు ఆగవు. రెండు మూడు వారాల దాకా వచ్చే గుడ్లలో కొన్ని పొదిగేవే ఉంటాయి కాబట్టి, పిల్లలు కావాలంటే ఆఖరి అవకాశం అదే.

ఒక్కోసారి వరసలో పైనున్న పెట్టే పుంజు పని అందుకుంటుంది, గద్దని చూసి అరుస్తుంది, వేరే పెట్టల మీద ఎక్కుతుంది, అరుదుగా కూత కూడా పెడుతుంది. పెట్ట కూస్తే ఇంటికి కీడు అని దాన్ని ఆ పూటే కోసేసే అలవాటు మన వైపు ఉంది. అందులో కీడేం లేదు. పెట్టకి మామూలుగా ఎడమ అండాశయం ఒక్కటే పనిచేస్తుంది, అది జబ్బుతో దెబ్బతింటే కుడి వైపు నిద్రపోతా ఉన్న భాగం పెరిగి మగ హార్మోన్ వదులుతుంది, అప్పుడు కోడిజుట్టు పెద్దదై, కూత వస్తుంది, గుడ్లు ఆగిపోతాయి. గుడ్లు పెడతానే కూస్తా ఉంటే అది వరసలో పైకొచ్చిన పెట్ట మాత్రమే, దాన్ని అట్లానే వదిలేయొచ్చు.